మొదటి పడవ: కొల్లేటి నీటికి జెట్టు పడవ తగునా?

నేఁడు మీతో ముచ్చటింపఁ దలఁచిన విషయము పడవ. ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతములవారికిని, కొల్లేటి లంకలవారికిని పడవను గూర్చి చెప్పఁబూనుట కమ్మరి వీథిలో సూదులమ్మఁబోయినట్లుండును. మీలోఁ బెద్దలు పలువురు నడవకముందే దోనెలోఁ గూర్చుండి తిరిగినవారు. మన తాతలు ఏలూరు కాలువపై రాదారి పడవలలోఁ బ్రయాణము చేసిరి. గట్టు వెంబడి మనుష్యులు త్రాడు భుజమునకుఁ దగిలించుకొని లాగుచుండఁగా, ధాన్యపు పడవలు గోదావరి నుండి తాడేపల్లిగూడెము మీఁదుగా ఏలూరికిని, ఏలూరి నుండి బెజవాడకును బోవుచుండెడివి. 1847 మొదలు 1852 వఱకు ధవళేశ్వరమున ఆర్థర్ కాటన్ దొర కట్టించిన ఆనకట్ట మనకుఁ బైరుతోపాటు నీటి త్రోవను గూడ నిచ్చినది. పిమ్మట రైలును, రోడ్డును వచ్చి పడవను మూలఁద్రోసినవి.

అయినను కొల్లేటి లంకలలోఁ బడవ యక్కఱ తీఱలేదు. తీఱకపోఁగా, ఇటీవల నొక క్రొత్త ప్రశ్న పుట్టినది. చేఁపల చెఱువుపై నాలుగు డబ్బులు మిగిలిన యువకుఁడు చేతిలోని ఫోనులో నొక బొమ్మ చూచును. నీటిపై బాణమువలె దూసికొనిపోవు చిన్న పడవ. వెనుకఁ జక్రము కనఁబడదు, తెడ్డు లేదు, చుక్కాని లేదు. తెల్లని నీటిధార మాత్రము చిమ్ముచుండును. దానినే జెట్టు పడవ యందురు. అతఁడు వచ్చి, “తాతగారూ, మనకు మొదటి పడవ ఇదే కొందమనుకొనుచున్నాను. అడుగున ఱెక్క లేదఁట. లోఁతు తక్కువ నీటిలోఁగూడఁ బోవునఁట. మన కొల్లేటికి దీనిని మించినది లేదు,” అని మీ యనుమతి కోరును.

మీరేమి చెప్పుదురు? ఇంటి సొమ్ము మీ మాటపై నాధారపడియున్నది. సొమ్ము పోయిన మరల సంపాదించుకొనవచ్చును. ఆ పడవలో నెక్కెడు మనుమలు, మనుమరాండ్ర ప్రాణములును మీ మాటపైననే యున్నవి. తెలియక కాదనుటయు, తెలియక సరేయనుటయు రెండును దోషములే. కావున ఆ పడవ యెట్టిదో, మన నీరెట్టిదో, రెంటికిని పొత్తు కుదురునో లేదో విచారింతము.

శాస్త్రమును మొదలుపెట్టుటకు ముందు నాలుగు విషయములు నిర్ణయించుకొనవలెనని మన పెద్దల సంప్రదాయము. విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి. ఏ గ్రంథము, ఎందులకు, దానికిని ఫలమునకును గల పొత్తేమి, దానిని జదువఁదగినవాఁడెవఁడు అని వాని యర్థము. పడవ కొనువానికిని ఈ నాలుగే ప్రశ్నలు చాలును. ఏ నీటిపై నడపెదవు? ఏ పనికి? ఆ పనికిని, ఆ నీటికిని ఈ పడవ యతుకునా? నడపువాఁ డెవఁడు?

ముందుగా జెట్టు పడవ పనిచేయు తీరు చెప్పెదను. ఇది మీకుఁ దెలియని మర్మమేమియుఁ గాదు. దోనె యంచుపై నిలిచి గట్టు మీఁదికి దుమికినచో, మీరు ముందునకును, దోనె వెనుకకును బోవుట మీరందఱు నెఱిఁగినదే. ఒకదానిని వెనుకకుఁ ద్రోసినచోఁ ద్రోసినది ముందునకుఁ బోవును. జెట్టు పడవ త్రోయునది నీటిని. పడవ యడుగున నొక రంధ్ర ముండును. దానికి ఇనుపకమ్ముల జల్లెడ యడ్డముగ నుండును. లోపల నొక గొట్టము, ఆ గొట్టములో ఱెక్కల చక్రము. యంత్రము ఆ చక్రమును ద్రిప్పఁగా అడుగునుండి నీరు పీల్చఁబడి, వెనుకనున్న సన్నని మూతినుండి మహావేగముతోఁ జిమ్మఁబడును. పిల్లలు వసంతోత్సవమునఁ బట్టెడు చిమ్మనగ్రోవియే యిది. అయితే యంత్రబలముతో ఎడతెగక చిమ్మెడు చిమ్మనగ్రోవి. ఆ మూతిని కుడికిఁ ద్రిప్పిన పడవ కుడికిని, ఎడమకుఁ ద్రిప్పిన ఎడమకును దిరుగును. వెనుకకుఁ బోవలెనన్న, ధార కడ్డముగ నొక దొప్ప వంటి మూఁత దింపుదురు. ధార ముందునకు మరలి పడవ వెనుకకు నడచును.

ఈ తలంపు చాలఁ బ్రాఁతది. దానిని సులువుగాఁ బనికివచ్చునట్లు చేసినవాఁడు న్యూజీలాండు దేశపు విలియం హామిల్టన్ అనువాఁడు. ఆయన 1899లోఁ బుట్టి 1978లో గతించెను. దక్షిణద్వీపమునఁ గొండల నడుమ గొఱ్ఱెల పెంపకపు పొలములు గలవాఁడు. అక్కడి నదులు పాయలు పాయలుగఁ జీలి, గులకఱాళ్లపై లోఁతు లేక వడిగాఁ బాఱును. సామాన్యపు మోటారు పడవ యడుగున ఱెక్క వ్రేలాడుచుండును గనుక ఱాళ్లకుఁ దగిలి విఱిగిపోవుచుండెను. ఆ కష్టమును దీర్పఁదలఁచి ఆయన 1950 ప్రాంతముల ప్రయత్నము మొదలిడి, 1954 నాఁటికి జెట్టు పడవను సిద్ధపఱచెను. నీటిధారను నీటి లోపలఁ గాక నీటికిఁ బైగా చిమ్మించుటచే వేగము మిక్కిలి పెరిఁగినది. 1960లో అమెరికాలోని కొలరాడో నది మహాగర్తమున ఆయన పడవలు సుడులకును, జలపాతముల వంటి వడులకును ఎదురీఁది పైకిఁ బోయినవి.

మన దేశమునను ఆ పడవల ప్రజ్ఞ చూచినారు. 1953లో టెన్జింగుతోఁగూడ ఎవరెస్టు శిఖర మెక్కిన ఎడ్మండ్ హిల్లరీ, 1977లో మూఁడు జెట్టు పడవలతో గంగాసాగరము నుండి బయలుదేఱి గంగానదికి ఎదురుగఁ బ్రయాణము చేసెను. హామిల్టన్ కుమారుఁడు జాన్ హామిల్టన్ ఆ జట్టులో నుండి పడవ నడపెను. హిమాలయములలో నందప్రయాగ సమీపమున నొక జలపాత మడ్డగించువఱకు ఆ పడవలు ఆఁగలేదు. అటుపిమ్మట కాలినడకయే శరణ్యమైనది.

ఈ కథ చెప్పుటకుఁ గారణము గలదు. జెట్టు పడవ వట్టి యాటవస్తువు కాదు. ఒక దేశపు నీటికి, ఒక కష్టమునకు విరుగుడుగాఁ బుట్టిన గొప్ప సాధనము. ఆ నీరు వడిగలది, తేటయైనది, క్రింద ఱాయి గలది. ఆ నడపువారు అందే పండినవారు. ఇప్పుడు మన నాలుగు ప్రశ్నలకు వత్తము.

మొదటిది విషయము, అనఁగా నీరు. కృష్ణా గోదావరుల మట్టిమేటల నడుమ నేర్పడిన పల్లము మన కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగు ఏఱులును, కాలువలును, మురుగు కోడులును దానిలోఁ బడును. ఉప్పుటేరు ఒక్కటియే రమారమి 60 కిలోమీటర్లు వంకరలు తిరిగి ఆ నీటిని సముద్రమునకుఁ జేర్చును. సరస్సు విశాలమే కాని లోఁతు స్వల్పము. సామాన్య దినములలో సగటున నొక మీటరు మాత్రమే. అడుగున ఱాయి లేదు, మెత్తని ఒండ్రు. పైని గుఱ్ఱపుడెక్క, నాఁచు, తూటికాడ, కిక్కిస. నడుమ వలలు, మావులు, వెదురు గుంజలు. 2006లో అభయారణ్య పరిధిలోని చేఁపల చెఱువుల గట్లను ప్రభుత్వము తెగఁగొట్టించినది. అట్టి గట్ల మొండెములు నీటిమాటున నుండుటయు గలదు.

మన యువకుఁడు, “లోఁతు తక్కువ నీటిలోఁ బోవును,” అనెను గదా! ఆ మాట సగము సత్యము. జెట్టు పడవ పూర్తి వేగమునఁ బోవునపుడు నీటిపైకి లేచి, జానెఁడు నీటిపైఁగూడ జాఱిపోఁగలదు. కాని బయలుదేఱునపుడును, నెమ్మదిగ నడచునపుడును దాని కడుపు నీటిలో దిగియుండును. అప్పుడు అడుగుననున్న రంధ్రము బురదను, ఇసుకను, నాఁచును నీటితోపాటు పీల్చును. ఇట్టి చిన్న యంత్రములను జేయువారే పడవ యడుగు క్రింద రెండు మూఁడడుగుల నీరు లేనిచో యంత్రము నడపవలదని చెప్పుదురు. పడవ మునిఁగిన లోఁతు, దాని క్రింద మూఁడడుగులు. ఈ రెండును గలిపినచో నాలుగడుగులు కావలెను. కొల్లేటి సగటు నీరు మూఁడడుగుల పైచిల్లర. లెక్క మీరే వేసికొనవచ్చును.

ఇంక గుఱ్ఱపుడెక్క సంగతి. దక్షిణ అమెరికా నుండి వచ్చిన ఈ కలుపు మన చెఱువులను, కాలువలను గప్పివేసినది. మామూలు మోటారు పడవ ఱెక్కకును ఇది చుట్టుకొనును. అట్లు చుట్టుకొన్నపుడు నావికుఁడు మోటారును వెనుకనుండి పైకెత్తి, కత్తితోఁ గోసి, మరల దింపును. జెట్టు పడవకు డెక్క వేళ్లు జల్లెడకు అంటుకొనును. నీరు పీల్చుటకుఁ ద్రోవ యుండదు. యంత్రము హోరుమని మ్రోఁగును, పడవ మాత్రము కదలదు. కొన్ని పడవలలో లోపలినుండి చేయిపెట్టి తీయుటకు మూఁత గల కిటికీ యుండును. అది లేనిచో నీటిలో దిగి పడవ క్రిందికిఁ బోవలెను. వఱద దినమునఁ జీఁకటిలో, మొలలోఁతు బురదలో ఆ పని చేయుట యెట్టిదో మీకుఁ జెప్పనక్కఱలేదు. ఒండ్రుతోఁ గూడిన ఇసుక నీరు లోపలి ఱెక్కలను, వాని చుట్టునున్న వలయమును గూడ నరగఁదీయును. ఆ రెంటి నడుమ సందు పెరిఁగినకొలఁది త్రోపు తగ్గిపోవును.

రెండవది ప్రయోజనము. లంక నుండి బడికిఁ బిల్లలను దాఁటించుటకా? చెఱువులకు మేఁత మోయుటకా? వల వేయుటకా? ఆటపాక వంటి చోట్ల పక్షులను జూడవచ్చువారిని ద్రిప్పుటకా? వఱదలో ముసలివారిని, గర్భిణులను గట్టుకుఁ జేర్చుటకా? వీనిలో మెల్లగ నడువవలసిన పనులే యెక్కువ. జెట్టు యంత్రపు సుగుణమెల్ల వేగమున నున్నది. గంటకు 40, 50 కిలోమీటర్లకు మించినపుడు అది మంచి పని చేయును. మెల్లగ నడచునపుడు అదే చమురుతో మామూలు ఱెక్క యంతకంటె నెక్కువ పని చేయును.

చమురు మాట వచ్చినది గనుక లెక్క చెప్పెదను. నూఱు గుఱ్ఱముల బలము గల పెట్రోలు యంత్రము పూర్తి వేగమున గంటకు 35 మొదలు 40 లీటర్ల వఱకుఁ ద్రాగును. చిన్న జెట్టు పడవలకు ఈ మాత్రపు బలము సామాన్యము. ఎనిమిది గుఱ్ఱముల చిన్న మోటారు పూర్తి బలమున నడచినను గంటకు మూఁడు లీటర్లతో సరిపెట్టుకొనును. ప్రతిదినము లంకకును, గట్టుకును నాలుగు మాఱులు తిరుగువాఁడు నెలాఖరున ఈ భేదమును దన సంచిలోఁ జూచుకొనును.

మఱియు వేగమున కొక కష్టము గలదు. పడవ వెనుక లేచెడు తరఁగ చెఱువు గట్టును గోసివేయును; ప్రక్కఁ బోవు తాటిదోనెను బోర్లించును. మన పాయలు ఇఱుకైనవి. మలుపు తిరుగఁగానే ఎదుట వలవేయువాఁడుండును. అట్టిచోట నెవఁడైనను మెల్లగనే పోవలెను. మెల్లగఁ బోవలసినచోట వేగము కొఱకుఁ బుట్టిన యంత్రమును గొనుట, ఇంటి ముందఱి సందులోఁ ద్రిప్పుటకుఁ బందెపు గుఱ్ఱమును గొన్నట్లగును.

మూఁడవది సంబంధము. పడవ యొక్కటే చాలదు. దానికి చుట్టము లుండవలెను. బాగుచేయు పనివాఁడు, విడి భాగములు, చట్టపు టనుమతి, ఇరుగుపొరుగు సమ్మతి. మన ప్రాంతమునఁ జేఁపల చెఱువుల నీటి యంత్రములను, చిన్న డీజిలు ఇంజనులను విప్పి బిగింపఁగల పనివాండ్రు కలరు. జెట్టు పంపును విప్పి చూచినవారు మిక్కిలి యరుదు. ఒక వలయ మరిగినచో దానికొఱకు దూరపు పట్టణమునకు వ్రాసి, అది వచ్చువఱకు పడవను గట్టుపైఁ బోర్లించి యుంచవలసి వచ్చును.

చట్టము సంగతియు నాలోచింపవలెను. 1917 నాఁటి ప్రాఁత చట్టమునకు బదులుగ 2021లో దేశాంతర్గత నౌకల చట్టము వచ్చినది. యంత్రముతో నడచు పడవకుఁ దనిఖీయు, నమోదును, నడపువానికిఁ దగిన యోగ్యతాపత్రమును ఉండవలెనని దాని యాశయము. అదిగాక, 1999లోఁ గొల్లేటిలో రమారమి 308 చదరపు కిలోమీటర్ల మేర వన్యప్రాణుల యభయారణ్యముగఁ బ్రకటింపఁబడినది. 2002లో రామ్సార్ ఒడంబడిక ననుసరించి ఈ సరస్సు అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగ గుర్తింపఁబడినది. ఆ పరిధిలో అటవీశాఖవారి యనుమతి లేనిదే యంత్రపు పడవలు తిరుగరాదు. గూడబాతులు గ్రుడ్లు పొదుగు వేళ ప్రక్కన హోరుమని పడవ పోయినచో అవి గూళ్లు విడిచి లేచిపోవును. పక్షులను జూడవచ్చినవారు పక్షులు లేని చెట్లను జూచి పోవలసివచ్చును. అది వ్యాపారమునకును మంచిది కాదు.

నాలుగవది అధికారి, నడపువాఁడు. నా యభిప్రాయమున అన్నింటికంటె ముఖ్యమైనది ఇదియే. దయచేసి సావధానముగ వినుఁడు. జెట్టు పడవకు వేఱుగఁ జుక్కాని లేదని చెప్పితిని. నీటిధారయే దాని చుక్కాని. ధార యున్నంతవఱకే పడవ తిరుగును. ధార నిలిచిన క్షణమునఁ జక్రము నెంత త్రిప్పినను పడవ తిరుగదు. ఉన్న వేగముతో తిన్నగఁ బోవును. ఇప్పుడు క్రొత్తవాఁడు నడపుచున్నాఁడనుకొనుఁడు. ఎదుట నొక దోనె కనఁబడినది. భయపడి వాఁడేమి చేయును? ముందుగా యంత్రమును దగ్గించును. అది మనుష్యస్వభావము, మోటారు సైకిలు మీఁద నేర్చిన యలవాటు. తగ్గించుటతో చుక్కాని పోయినది. పడవ తిన్నగ దోనెపైకిఁ బోయినది. తప్పించుకొనవలెనన్న యంత్రమును గొంత నడువనిచ్చి, చక్రమును ద్రిప్పవలెను. ఆపద వచ్చినపుడు బలము నిలుపుకొనుట అభ్యాసము వలనఁ గాని రాదు. ఇటీవలి కొన్ని పడవలలో ఈ లోపము కొంత సవరింపఁబడినది. కాని పూర్తిగఁ బోలేదు.

బయటఁ దిరుగు ఱెక్క లేదు గనుక ఈఁతగాండ్రకు గాయములుండవని చెప్పుదురు. ఆ మాట నిజమే. కోఁత గాయముల భయము తక్కువ. కాని పడవ వెనుక నీటిలో నున్నవారిపై ధార తిన్నగఁ దగిలినచో దేహము లోపల తీవ్రమైన గాయములు కాఁగలవు. అడుగుననున్న రంధ్రము విప్పిన జుట్టును, పైట చెఱఁగును, వల త్రాటిని లోనికి లాగఁగలదు. రేవులో స్త్రీలు, బిడ్డలు స్నానము చేయుచుండఁగా యంత్రము నడపరాదు. ఎక్కువమందిని, దిగువారిని గూడ యంత్రము పూర్తిగ నిలిపిన పిమ్మటనే నీటిలో దింపవలెను.

పడవ ప్రమాదములు మనకుఁ గ్రొత్తవి కావు. 2017 నవంబరు 12వ తేదీన విజయవాడ సమీపమునఁ గృష్ణలోను, 2019 సెప్టెంబరు 15వ తేదీన దేవీపట్నము మండలము కచ్చులూరు వద్ద గోదావరిలోను పడవలు తిరుగఁబడి పలువురు ప్రాణములు గోల్పోయిరి. అవి జెట్టు పడవలు కావు. అయినను పడవ యేదైనను, ఎక్కినవారి ప్రాణములు నడపువాని యెఱుక పైననే యుండునని ఆ రెండు దినములు మనకు నేర్పినవి.

ఇంతవఱకు విని, “అయ్యా, జెట్టు పడవ వలదనియేనా మీ తీర్పు?” అని మీరడుగవచ్చును. జెట్టు పడవ చెడ్డదని నేననను. లోఁతును, తేటదనమును, విశాలమును గల నీటిపై, నేర్చినవాని చేతిలో అది మేలైన సాధనము. మొదటి పడవగ, కొల్లేటి నీటిపై, క్రొత్తవాని చేతికిఁ దగదని మాత్రమే నా యభిప్రాయము. భోజరాజు పేర వెలసిన యుక్తికల్పతరువను గ్రంథము నౌకలను సామాన్యములు, విశేషములు అని రెండు తెగలుగ విభజించినది. నదీజలములకు సామాన్యములు, సముద్రమునకు విశేషములు. నీటిని బట్టి పడవ యనుట నేఁడు పుట్టిన న్యాయము కాదు.

అయితే మొదటి పడవ యెట్టిదై యుండవలెను? ఒక్క పరీక్ష చెప్పెదను. యంత్రము నిలిచిపోయినను ఇల్లు చేర్పఁగలదిగ నుండవలెను. మన పెద్దల దోనె ఈ పరీక్షలో నెగ్గినది. తాటిమ్రానును దొలిచి చేసిన దోనెకు గెడయే యంత్రము. రెండు దోనెలను జతగఁ గట్టి సంగడి చేసినచో అది సులభముగ బోల్తాపడదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో గ్రీకు నావికుఁడొకఁడు వ్రాసిన ఎర్రసముద్ర యాత్రాగ్రంథమున మన తూర్పు తీరపు జతపడవలను ‘సంగర’ యని పేర్కొనెను. మన సంగడి మాటయు ఆ మాటయు నొక్కటేయని పలువురు పండితులు తలంతురు.

ఆ న్యాయమునే నేఁటి వస్తువులతో నాచరింపవచ్చును. అడుగు చదునుగ నుండి, వెడల్పు చాలినంతగ నున్న ఫైబరు పడవ. అందు గెడయు, రెండు తెడ్లును. వెనుక నైదు మొదలు పది గుఱ్ఱముల చిన్న మోటారు. అది చేతితో నీటిపైకి లేపుటకు వీలైనది. మన సముద్రతీరపు మత్స్యకారుల పడవలపై పొడవైన కడ్డీ చివర ఱెక్క గల తోఁక మోటార్లు చూచియుందురు. తుక్కు తగిలినపుడు తోఁకను బైకెత్తిన చాలును. ఇట్టివి మన నాఁచు నీటికి మిక్కిలి యనుకూలము. ఈ పడవ బరువు తక్కువ గనుక యంత్రము నిలిచినపుడు పదునాఱేండ్ల పిల్లవాఁడు గెడవేసి గట్టు చేర్పఁగలఁడు. బరువైన జెట్టు పడవను గెడతోఁ ద్రోయుట బండి లేని బరువును లాగుటయే. పొగయు, రొదయు వలదనుకొన్నవారికి విద్యుత్తు మోటార్లును వచ్చినవి. కేరళమున వైకము రేవులో 2017 నుండి 75 మంది నెక్కించుకొనఁగల పడవ సూర్యరశ్మి విద్యుత్తుతో నడచుచున్నది.

వఱద మాట ప్రత్యేకముగఁ జెప్పవలెను. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడను ముంచెను. ఆ నీరు దిగువకుఁ బాఱి కొల్లేటిని నింపఁగా లంకగ్రామములకు రాకపోకలు చెడినవి. అట్టి దినమున నీటిలోఁ గంచె తీఁగెలు, చీరలు, గడ్డివాము తుక్కు, చచ్చిన పశువులు తేలుచుండును. పీల్చెడు యంత్రమునకు అవి యన్నియు శత్రువులే. రక్షకదళములవారు రబ్బరు పడవలకు వెనుకఁ దగిలించు మోటార్లను వాడుటను మీరు చూచియుందురు. ఊరికి వఱద పడవ యొకటి యుండవలెనని పంచాయతీ తలఁచినచో, ఒక ఖరీదైన పడవకు బదులు గెడతోను, మోటారుతోను నడచు చదును పడవలు రెండు మూఁడు, మనుష్యున కొక తేలుడుచొక్కా, నడప నేర్చిన నలుగురు యువకులు మేలు. ఒకటి చెడినను మఱొకటి యుండును.

ఇంత చెప్పినను మీ కుఱ్ఱవాఁడు జెట్టు పడవయే కావలెనని పట్టుపట్టినచో, కసరుకొనక ఈ మాటలడుగుఁడు. పడవను గట్టుపై నుంచి యంత్రము నడపి చూపువాని మాట నమ్మకుము. జెట్టు యంత్రములలోఁ బలువాటికి నీరు లేనిదే చల్లదనముండదు గనుక నీటిలోనే పరీక్షింపుము. జల్లెడ చెడినచో లోపలినుండి శుభ్రపఱచుటకు మూఁత కలదా? ఱెక్కల యంచులు చిప్పిల్లినవా? వలయమునకును ఱెక్కకును నడుమ సందెంత? నలుగురు నెక్కినపుడు పడవ నీటిపైకి లేచుచున్నదా, దిగఁబడుచున్నదా? విడి భాగములు ఎక్కడ దొరకును, ఎన్ని దినములలో వచ్చును? నమోదు పత్రము లేవి? కొనుటకు ముందు, ఆ పడవ నెఱిఁగినవాని ప్రక్కన ఇరువది గంటలైన నడపి నేర్చితివా? వీనిలో సగమునకు జవాబు రానిచో బయానా ఇయ్యవలదు.

మఱొక మాటయుఁ గలదు. గెడ వేయుట నేర్చినవాఁడు నీటి యడుగును జేతితోఁ దెలిసికొనును. ఎక్కడ ఒండ్రు, ఎక్కడ గట్టి, ఏ గాలికి పడవ ఎటు కొట్టుకొనిపోవును, ఉప్పుటేటి పోటుపాట్లెప్పుడు అని వానికి దేహమునకే తెలియును. రెండేండ్లు ఆ చదువు చదివి పిమ్మట జెట్టు పడవ నెక్కినవాఁడు దానిని సురక్షితముగ నడపఁగలఁడు. కావున మీ మనుమఁడు వచ్చి యడిగినపుడు, కాదని త్రోసిపుచ్చక, “అబ్బాయీ, ఒక వఱద కాలము, ఒక వేసవికాలము గెడతోఁ దిరిగి రమ్ము, అప్పుడు మరల నడుగుము,” అని చెప్పుఁడు. ఈ లోపల సొమ్ము బ్యాంకులో భద్రముగ నుండును. కుఱ్ఱవాఁడు నీరు నేర్చుకొనును. అప్పటికిని వానికి జెట్టు పడవయే తగునని తోఁచినచో, కనులు తెఱచి కొనుచున్నాఁడని మీరు నిశ్చింతగ నుండవచ్చును.

లంకలలోని పెద్దలు గెడ పట్టుట మానినచో ఆ విద్య మీతోనే యంతరించును. ఈ సెలవు దినములలో మీ యింటి పిల్లలను దోనెలోఁ గూర్చుండఁబెట్టుకొని, తేలుడుచొక్కా తొడిగి, గెడ చేతికిచ్చి రెండు గడియలు నేర్పుఁడు. ఆడపిల్లలను మఱువవలదు; వఱద ఆడయని మగయని యెంచి రాదు.